డిజైన్ సాఫ్ట్‌వేర్ మారుస్తున్నారా? ముందు ఫారాల సంగతి తేల్చండి

బ్రోషర్‌ని ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి మార్చడం పెద్ద పనేం కాదు. అక్షరాలు కాస్త అటూ ఇటూ జరుగుతాయి, సర్దుకుంటాం, ప్రింటుకి పంపేస్తాం. కంప్యూటర్‌లోనే నింపే పీడీఎఫ్ ఫారం అలా కాదు. స్క్రీన్ మీద కనిపించే గళ్లూ గీతలూ దానిలో సగమే. మిగతా సగం కంటికి కనిపించదు. ప్రతి గడికీ ఒక పేరు ఉంటుంది. చెక్‌బాక్స్‌లో టిక్ పెడితే బయటికి వెళ్లే విలువ ఒకటుంటుంది. ట్యాబ్ నొక్కితే కర్సర్ ఎటు దూకాలో ఒక వరస, అంకెలన్నీ కూడే లెక్క, తేదీ తప్పుగా కొడితే ఒప్పుకోని నిబంధన ఉంటాయి. సాఫ్ట్‌వేర్ మారినప్పుడు కనిపించే సగం దాదాపు ఎప్పుడూ క్షేమంగానే చేరుతుంది. దారిలో పడిపోయేది రెండో సగం. పడిపోయిందని వెంటనే తెలియదు కూడా. నింపిన ఫారాలు తిరిగొచ్చి, వాటిని ఎక్సెల్‌లోకి ఎక్కించే రోజున తెలుస్తుంది.

అందుకే ఎవరైనా "ఏ సాఫ్ట్‌వేర్‌కి మారితే మంచిది?" అని అడిగితే నేను ఎదురు ప్రశ్న వేస్తాను: ఈ ఫారంలో రెండోసారి మార్పు వస్తే ఏం చేస్తారు? మొదటిసారి మార్చడం ఎలాగోలా అయిపోతుంది, రెండు రాత్రులు కూర్చుంటే చాలు. ఆరు నెలల తర్వాత "మూడో పేజీలో ఒక లైను కలపండి" అన్నప్పుడు మళ్లీ ఆ రెండు రాత్రులూ కూర్చోవాలా, పావుగంటలో అయిపోతుందా? కింద చెప్పబోయే దారుల్లో దేన్ని ఎంచుకోవాలో తేల్చేది ఈ ప్రశ్నే.

చేతిలో ఉన్నది ఏ రకం?

నింపగలిగే పీడీఎఫ్‌లు అన్నీ ఒకటి కావు. ఆక్రోఫారం పాతది, 1996లో పీడీఎఫ్ 1.2తో వచ్చింది. మామూలు పేజీ మీద ఫీల్డులు, అంటే నింపే గళ్లు, అతికించినట్టు ఉంటుంది. రెండోది ఎక్స్‌ఎఫ్‌ఏ. ఇది జెట్‌ఫారం అనే కంపెనీలో పుట్టింది. ఆ కంపెనీ తర్వాత యాక్సీలియోగా పేరు మార్చుకుంది, 2002లో అడోబీ దాన్ని కొనేసింది. మరుసటి ఏడాది పీడీఎఫ్ 1.5తో ఎక్స్‌ఎఫ్‌ఏ పీడీఎఫ్‌లోకి వచ్చి చేరింది. అడోబీ వాళ్ల ఫారం తయారీ సాఫ్ట్‌వేర్ లైవ్‌సైకిల్ డిజైనర్‌లో తయారైన ఫారాలు ఈ రకం. చూడటానికి పీడీఎఫ్‌లా ఉన్నా లోపల ఉండేది ఎక్స్‌ఎంఎల్, అంటే డేటాని ట్యాగుల మధ్య రాసే పద్ధతి. పీడీఎఫ్ దానికి కవరు మాత్రమే.

ఒకప్పుడు విండోస్‌లో ఆక్రోబాట్ ప్రొఫెషనల్ (అడోబీ వాళ్ల పీడీఎఫ్ ఎడిటర్) కొంటే ఈ డిజైనర్ కూడా దానితోనే వచ్చేది. అందుకే అప్పట్లో చాలా ఆఫీసుల ఫారాలు అందులో తయారయ్యాయి. 2012లో వచ్చిన ఆక్రోబాట్ 11 నుంచి దాన్ని విడిగా అమ్మడం మొదలుపెట్టారు. 2017లో పీడీఎఫ్ 2.0 ప్రమాణం ఎక్స్‌ఎఫ్‌ఏని ఇక వాడొద్దన్న జాబితాలోకి నెట్టేసింది. అంటే మీ దగ్గర ఎక్స్‌ఎఫ్‌ఏ ఫారాలు ఉంటే ఎప్పుడో ఒకప్పుడు మారక తప్పదు. ఎప్పుడు అన్నది మాత్రం మీ చేతిలో ఉంది.

రకం తెలుసుకోవడం తేలిక. ఫారాన్ని ఫోన్‌లో తెరవండి. ఫారం బదులు "ప్లీజ్ వెయిట్" అని మొదలయ్యే ఒకే ఒక్క పేజీ వచ్చి, ఎంతసేపు ఆగినా అక్కడే ఉంటే అది డైనమిక్ ఎక్స్‌ఎఫ్‌ఏ, అంటే నింపేకొద్దీ పేజీ పెరిగే రకం. ఎక్స్‌ఎఫ్‌ఏ రాని వ్యూయర్లన్నీ చూపించేది ఆ పేజీనే. ఫైర్‌ఫాక్స్‌లో తెరిచి "బాగానే వచ్చిందే" అనుకోకండి, 2021 నుంచి అది ఎక్స్‌ఎఫ్‌ఏని చూపించగలుగుతోంది. ఇంకో పద్ధతి: ఆక్రోబాట్‌లో కంట్రోల్-డి నొక్కి డాక్యుమెంట్ ప్రాపర్టీస్ చూడండి. అప్లికేషన్ అన్నచోట లైవ్‌సైకిల్ డిజైనర్ పేరుంటే సంగతి అర్థమైనట్టే.

ఎక్స్‌ఎఫ్‌ఏ అని తేలితే ఆశలు పెట్టుకోకండి. అందులోని లెక్కలు ఫారంకాల్క్ అనే సొంత భాషలో రాసి ఉండొచ్చు. ఆక్రోఫారానికి ఆ భాష రాదు, జావాస్క్రిప్ట్‌లో మళ్లీ రాయాలి. "ఇంకో వరస కలుపు" అని నొక్కితే టేబుల్ పెరిగే ఏర్పాటు ఉంటే ఆక్రోఫారంలో దానికి సరిసమానమైనది లేదు. పది వరసలు గీసిపెట్టి సరిపెట్టుకోవాలి, లేదా వెబ్ ఫారానికి వెళ్లాలి. ప్రింట్ టు పీడీఎఫ్ కొట్టి "కన్వర్ట్ చేసేశాను" అనేవాళ్లు ఉన్నారు. అందులో మిగిలేది బొమ్మే, ఫీల్డు ఒక్కటీ ఉండదు. అయితే ఆ బొమ్మ పనికిరానిదేం కాదు, కొత్త ఫారం కట్టేటప్పుడు కింద పెట్టుకుని కొలతలు చూసుకోవచ్చు.

మైక్రోసాఫ్ట్ వాళ్ల ఫారం సాఫ్ట్‌వేర్ ఇన్ఫోపాత్‌లో ఉన్నవాళ్ల కథ వేరు. 2013 వెర్షన్‌తో దాని కొత్త విడుదలలు ఆగిపోయాయి, మైక్రోసాఫ్ట్ సపోర్ట్‌కి పెట్టిన ఆఖరి గడువు 2026 జులై 14. అక్కడ ఆలోచించాల్సింది ఎప్పుడు మారాలని కాదు, ఎటు మారాలని.

మొదటి దారి: పాత సాఫ్ట్‌వేర్‌నే అట్టిపెట్టుకోవడం

నవ్వకండి, కొన్నిసార్లు ఇదే సరైన సలహా. ఫారం ఇంకో ఏడాదిలో రద్దయ్యేదైతే, మార్పులు ఏమీ రావని గట్టిగా తెలిస్తే, పాత కంప్యూటర్‌నో వర్చువల్ మెషీన్‌నో (కంప్యూటర్ లోపల నడిచే ఇంకో కంప్యూటర్) ఒకదాన్ని పక్కన పెట్టుకుని కాలం గడిపేయొచ్చు. ఒక్క షరతు: ఆ మెషీన్ వాడటం తెలిసిన మనిషి ఒక్కరే ఉంటే అది దారి కాదు, వాయిదా.

రెండో దారి: కొత్త డిజైన్ సాఫ్ట్‌వేర్‌లోనే ఫీల్డులు పెట్టడం

అడోబీ పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో సీఎస్6 వెర్షన్ నుంచి, అంటే 2012 నుంచి, ఈ సదుపాయం ఉంది. బటన్స్ అండ్ ఫారమ్స్ ప్యానెల్‌లో టెక్స్ట్ ఫీల్డు, చెక్‌బాక్స్, రేడియో బటన్, డ్రాప్‌డౌన్, సంతకం గడి అన్నీ దొరుకుతాయి. పేరు, టూల్‌టిప్ (మౌస్ పెడితే కనిపించే చిన్న సూచన) కూడా అక్కడే ఇవ్వొచ్చు. ఇంటరాక్టివ్ పీడీఎఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చేస్తే ఫారం రెడీ. డిజైనరూ ఫారం చేసేవారూ ఒకరే అయినప్పుడు, ఫారంలో లెక్కలేవీ లేనప్పుడు ఇది చాలా హాయిగా ఉంటుంది.

చిక్కంతా ఆ "లెక్కలేవీ లేనప్పుడు" అన్నచోటే. కూడికలు, తేదీ ఫార్మాట్, ఇంత అంకె దాటకూడదన్న నిబంధన లాంటివి ఇన్‌డిజైన్‌లో పెట్టలేం. ఎక్స్‌పోర్ట్ అయ్యాక ఆక్రోబాట్‌లో చేర్చాలి. మళ్లీ ఇన్‌డిజైన్‌కి వెళ్లి ఒక్క అక్షరం దిద్ది ఎక్స్‌పోర్ట్ చేశారా, ఆక్రోబాట్‌లో చేర్చినవన్నీ పోతాయి. కొత్త ఫైలుకి వాటి సంగతే తెలియదు.

ఈ పాఠం నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. ఎనిమిది పేజీల దరఖాస్తు, నలభై దాకా ఫీల్డులకి ఫార్మాట్లు, రెండు చోట్ల మొత్తాలు. అన్నీ ఆక్రోబాట్‌లో పెట్టి ఇచ్చాను. వారం తర్వాత క్లయింట్ హెడ్డింగ్‌లో రెండు మాటలు మార్చమన్నారు. "అంతేనా" అనుకుని ఇన్‌డిజైన్‌లో దిద్ది, ఎక్స్‌పోర్ట్ కొట్టి పంపేశాను. చూడటానికి అచ్చం పాతదే. మూడో రోజుకి ఫోన్ వచ్చింది: "టోటల్ రావడం లేదండీ, జనం చేత్తో కూడి వేస్తున్నారు. సగం మంది తప్పు కూడుతున్నారు." ఆ వచ్చిన ఫారాలన్నీ కూర్చుని మళ్లీ కూడింది నేనే, ఒక్క రూపాయి తీసుకోకుండా.

స్క్రైబస్ ఈ విషయంలో ఇన్‌డిజైన్ కంటే నయం అంటే కొందరికి వింతగా ఉంటుంది. ఉచిత పేజీ డిజైన్ సాఫ్ట్‌వేరే, కానీ ఫీల్డు ప్రాపర్టీస్‌లో ఫార్మాట్, వాలిడేషన్ (తప్పు విలువ ఒప్పుకోని నిబంధన), లెక్కల జావాస్క్రిప్ట్ అన్నీ లోపలే రాసుకోవచ్చు. అవి సోర్స్ ఫైల్లోనే ఉంటాయి కాబట్టి ఎన్నిసార్లు ఎక్స్‌పోర్ట్ చేసినా పోవు. ఆ డైలాగ్ బాక్సులతో కుస్తీ పట్టే ఓపిక మాత్రం ఉండాలి.

వర్డ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రెఆఫీస్ రైటర్ నుంచి కూడా పీడీఎఫ్ ఫారం నేరుగా వస్తుంది. అక్కడ ఒక చిన్న టిక్ గుర్తుపెట్టుకోండి: ఎక్స్‌పోర్ట్ డైలాగ్‌లో ఒకే పేరున్న ఫీల్డుల్ని అనుమతించే ఆప్షన్. అది పెట్టకపోతే పేర్లు కలవకుండా ఉండాలని సాఫ్ట్‌వేర్ తనంతట తాను పేర్లు పుట్టిస్తుంది. మీరు శ్రద్ధగా పెట్టిన పేర్లు బయటికి రాకపోవచ్చు. వర్డ్ గురించి ఒక్క మాట చాలు. అందులో ఎంత చక్కగా ఫారం చేసినా, సేవ్ యాజ్ పీడీఎఫ్ కొడితే ఫీల్డులు గీతలుగా మిగులుతాయి.

పాత పీడీఎఫ్‌ని కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చుకోవడం గురించి కూడా అడుగుతుంటారు. ఇన్‌డిజైన్‌లో ప్లేస్ చేస్తే వచ్చేది పేజీ బొమ్మ మాత్రమే. ఫీల్డులు రావు.

మూడో దారి: కింద డిజైన్, పైన ఫీల్డులు

నేను ఎక్కువగా చెప్పేది ఇదే. డిజైన్ సాఫ్ట్‌వేర్ ఏదైనా కానివ్వండి, దానినుంచి ఫీల్డులు లేని మామూలు పీడీఎఫ్ తీస్తారు. ఫీల్డులు, లెక్కలు, ట్యాబ్ ఆర్డర్, టూల్‌టిప్‌లు అన్నీ ఆక్రోబాట్‌లో ఆ పేజీ మీద పెడతారు. ఇక ఆ పీడీఎఫ్‌ని అసలు ఫారంగా దాచుకుంటారు. డిజైన్ ఫైలు కింద పరిచే కాగితం లాంటిది, మారుతూ ఉంటుంది. ఫీల్డులున్న ఫైలు మారదు.

దిద్దుబాటు వచ్చినప్పుడు ఇలా చేస్తారు. డిజైన్‌లో మార్పు చేసి మళ్లీ ఫీల్డులు లేని పీడీఎఫ్ తీయండి. ఆక్రోబాట్‌లో అసలు ఫారం తెరిచి, ఆర్గనైజ్ పేజెస్‌లో ఆ పేజీని ఎంచుకుని రిప్లేస్ నొక్కండి. కొత్త పీడీఎఫ్‌లోని అదే పేజీ చూపించండి. కింద అక్షరాలూ గీతలూ మారతాయి, పైన ఫీల్డులు ఉన్నచోటే ఉంటాయి. వాటి పేర్లు, లెక్కలు దేనికీ ఢోకా ఉండదు. కొత్త లైను వల్ల కింది గళ్లు నాలుగు మిల్లీమీటర్లు జరిగితే, ప్రిపేర్ ఫారంలోకి వెళ్లి ఆ కింది ఫీల్డులన్నిటినీ ఒకేసారి సెలెక్ట్ చేసి యారో కీతో జరపండి. మధ్యలో కొత్త పేజీ వస్తే ముందు దాన్ని ఇన్‌సర్ట్ చేసి, తర్వాత మిగతావి రిప్లేస్ చేయండి. వరస తప్పితే మూడో పేజీ ఫీల్డులు నాలుగో పేజీ అక్షరాల మీద కూర్చుంటాయి. పేజీ సైజు, మార్జిన్ మాత్రం కదలకూడదు. స్క్రీన్ రీడర్ (స్క్రీన్ మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్ల కోసం ట్యాగులు పెట్టి ఉంటే రిప్లేస్ తర్వాత వాటిని ఒకసారి సరిచూసుకోవాలి.

ఈ పద్ధతిలో ఉన్న అసలు సుఖం వేరే ఉంది. రేపు డిజైన్ సాఫ్ట్‌వేర్ మళ్లీ మారినా ఫారానికి ఏమీ కాదు. కొత్తదానిలోంచి కూడా పీడీఎఫ్ పేజీ వస్తే చాలు. కష్టమల్లా ఆక్రోబాట్ లేదా అలాంటి ఫీల్డు ఎడిటర్ మీద ఆధారపడాల్సి రావడం. అది నెలనెలా చందా కట్టే ఖర్చు. ఏడాదికి ఒక్క ఫారం చేసేవాళ్లకి బరువే.

పాత పీడీఎఫ్ ఆక్రోఫారమే అయితే ఇంకా అదృష్టం. ఫీల్డులు కొత్తగా పెట్టక్కర్లేదు. కొత్త డిజైన్‌ని పాత కొలతల్లోనే చేయించి, పాత ఫారంలోనే పేజీలు రిప్లేస్ చేసేయొచ్చు. దీని గురించి డిజైనర్‌తో పని మొదలుకాకముందే మాట్లాడుకోవాలి. డిజైన్ అంతా అయ్యాక "గళ్లు పాతచోటే ఉండాలి" అంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది.

ఆటో డిటెక్ట్ సంగతి

ఆక్రోబాట్ తనంతట తానే గీతల్ని చూసి ఫీల్డులు పెట్టేస్తుంది. టైమ్ కలిసొస్తుంది, నిజమే. కానీ పేర్లు చూడండి. పక్కన ఏ అక్షరాలుంటే అవే పేరు, ఏమీ దొరక్కపోతే "అన్‌డిఫైన్డ్", తర్వాత "అన్‌డిఫైన్డ్_2". ఫారం ప్రింట్ తీసుకుని ఫైల్లో పెట్టుకునేదైతే పరవాలేదు. డేటా బయటికి తీసేదైతే ప్రతి పేరూ కూర్చుని మార్చాలి. ఆ పని తర్వాత చేద్దాంలే అనుకుంటే ఎప్పటికీ కాదు.

ఫీల్డు పేర్ల దగ్గర ఇంకో ఉచ్చు ఉంది. ఆక్రోఫారంలో ఒకే పేరున్న రెండు గళ్లు అంటే ఒకే ఫీల్డు, రెండు చోట్ల కనిపిస్తుంది అంతే. పేరు ప్రతి పేజీ మీదా దానంతటదే రావాలంటే ఇది వరం. రెండు వేర్వేరు ఫారాల్ని కలిపి ఒకటి చేస్తున్నప్పుడు ఇదే శాపం: తల్లి పేరు గడిలో కొట్టింది నామినీ పేరు గడిలో ప్రత్యక్షమవుతుంది. కలిపే ముందు ఒక ఫారంలోని పేర్లన్నిటికీ ముందు ఏదో ఒక గుర్తు తగిలించండి.

మార్చాక పరీక్ష

నింపి చూశాం, బాగానే ఉంది అంటే సరిపోదు. నేను చేసే పరీక్ష ఇది. పాత ఫారాన్ని పూర్తిగా నింపుతాను. ప్రతి చెక్‌బాక్స్‌కీ టిక్, ప్రతి డ్రాప్‌డౌన్‌లో చివరి ఆప్షన్, పేరు గడిలో పొడవాటి పేరు. అందులోంచి డేటాని ఎఫ్‌డీఎఫ్ ఫైలుగానో ఎక్స్‌ఎంఎల్ రూపంలో ఉండే ఎక్స్‌ఎఫ్‌డీఎఫ్‌గానో ఎక్స్‌పోర్ట్ చేస్తాను. ఆ ఫైలుని కొత్త ఖాళీ ఫారంలోకి ఇంపోర్ట్ చేస్తాను. నిండినవి నిండుతాయి. ఖాళీగా మిగిలిన ప్రతి గడీ పేరు తేడా పడ్డ గడే. టిక్ రాని చెక్‌బాక్స్ అంటే దాని ఎక్స్‌పోర్ట్ విలువ మారిపోయింది. పాతదాంట్లో "వై" అని ఉంటే కొత్తదాంట్లో "యెస్" అయి ఉంటుంది. కంటికి రెండూ ఒకే టిక్కు, డేటా తీసుకునే ప్రోగ్రాముకి మాత్రం అవి రెండు వేర్వేరు మాటలు. నూట యాభై ఫీల్డులున్న ఫారంలో కూడా ఈ పరీక్ష పావుగంట పని. పాతది ఎక్స్‌ఎఫ్‌ఏ అయితే ఈ కిటుకు నేరుగా కుదరదు, పేర్ల పట్టిక ఒకటి రాసుకుని చేత్తో సరిచూసుకోవాల్సిందే.

తర్వాత అదే ఫారాన్ని క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో, మ్యాక్ ప్రివ్యూలో, ఫోన్‌లో తెరవండి. జావాస్క్రిప్ట్ లెక్కలు అన్నిచోట్లా ఒకేలా నడవవు. కొన్నిచోట్ల అసలు నడవవు. టోటల్ వచ్చే గడిని చేత్తో నింపకుండా లాక్ చేసి పెడితే, లెక్క నడవని వ్యూయర్లో అది ఖాళీగానే వస్తుంది. ఫోన్లో నింపేవాళ్లు ఎక్కువున్నచోట నేను లాక్ తీసేస్తాను. కూడిక సరిచూడటం వచ్చిన డేటా మీద చేసుకుంటాను.

తెలుగు, అరబిక్ లాంటి లిపుల్లో నింపాల్సిన ఫారం అయితే ఇంకా జాగ్రత్త. గడిలో కొట్టిన అక్షరాల్ని పేర్చేది ఆ వ్యూయర్. ఒకచోట ఒత్తులు సరిగ్గా కూర్చుంటాయి, ఇంకోచోట విడివిడిగా పడతాయి. ప్రోగ్రాముతో ఫీల్డులు నింపించేవాళ్లకి కూడా ఇదే బాధ. ఒత్తులూ గుణింతాలూ ఎక్కువున్న నాలుగు పదాలు ముందే రాసిపెట్టుకుని, ప్రతి వ్యూయర్లోనూ అవే కొట్టి చూడండి.

నింపేసిన పాత ఫారాల జోలికి మాత్రం వెళ్లకండి. వాటిని కొత్త ఫారంలోకి మార్చాలని చూడొద్దు. డిజిటల్ సంతకం ఉన్నదాన్ని మారిస్తే ఆ సంతకం చెల్లకుండా పోతుంది. డేటా కావాలంటే ఎక్స్‌పోర్ట్ చేసుకోండి, ఫైలుని ఉన్నదున్నట్టు దాచండి.

నాలుగో దారి: పీడీఎఫ్‌కే నమస్కారం

వెబ్ ఫారం. గూగుల్ ఫారమ్స్, మైక్రోసాఫ్ట్ ఫారమ్స్ లాంటివి, లేదా సొంతంగా కట్టుకున్న పేజీ. డేటా నేరుగా షీట్‌లోకి వస్తుంది, ఫోన్‌లో చక్కగా నిండుతుంది, వరసలు పెరగాలంటే సొంత పేజీలో అదీ కుదురుతుంది. మార్పు చేస్తే ఆ క్షణం నుంచి అందరికీ కొత్తదే కనిపిస్తుంది. దీని మీద నాకు ఫిర్యాదులు తక్కువే. నెట్ లేనిచోట నింపాలంటే, పెన్నుతో పెట్టే సంతకం కావాలంటే, కాగితం మీద నిర్దిష్టమైన నమూనాలోనే ఉండాలని నిబంధన ఉంటే మాత్రం కుదరదు. ఇంకొకటి: రెడీమేడ్ సేవల్లో మీ ఫారం వాళ్ల దగ్గరే ఉంటుంది. అడోబీ సొంత సేవ ఫారమ్స్‌సెంట్రల్ 2015లో మూతపడింది. అందులో ఫారాలు పెట్టుకున్నవాళ్లు గడువులోగా డేటా దించుకుని వేరేచోటికి పరిగెత్తాల్సి వచ్చింది. ప్రశ్నలూ జవాబులూ రెండూ బయటికి తీసుకునే వీలుందో లేదో చేరేముందే చూసుకోండి.

కాబట్టి నన్నడిగితే: ఎక్స్‌ఎఫ్‌ఏలో పెరిగే టేబుళ్లుంటే వెబ్ ఫారం. ప్రింటు, సంతకం తప్పనిసరై, ఏడాదికి రెండు మూడు మార్పులు వచ్చేదైతే కింద డిజైన్, పైన ఫీల్డులు. లెక్కలు లేని రెండు పేజీల ఫారమైతే ఇన్‌డిజైన్‌లోనే పెట్టేసి నిశ్చింతగా ఉండండి. చేతిలో డబ్బు లేదు, ఓపిక ఉంది అంటే స్క్రైబస్.

ఏ దారిన వెళ్లినా కొత్త పీడీఎఫ్‌లో ఒక దాచిన ఫీల్డు పెట్టి, అందులో వెర్షన్ నంబరు రాసిపెట్టండి. పాత ఫారం కాపీలు జనం కంప్యూటర్లలో ఏళ్ల తరబడి ఉండిపోతాయి, వాటినే నింపి పంపుతూ ఉంటారు. షీట్‌లో ఆ వెర్షన్ కాలమ్ ఖాళీగా వచ్చిన ప్రతి వరసా పాత ఫారం నుంచి వచ్చిందే. దాని చెక్‌బాక్స్ విలువల్ని ఎలా చదవాలో అప్పుడు తడుముకోనక్కర్లేదు.